ఉస్తాద్ నాకు ఇవ్వని చోటు

ఉస్తాద్ పోయారన్న కబురు నాకు, మాతో పనిచేసిన రత్నం నోటి నుంచే రావాల్సి వచ్చింది. పొద్దున్న తొమ్మిది దాటింది. ఒమన్‌లో, మబేలాలోని మా గ్యారేజీలో ఒక పికప్ కింద వెల్లకిలా పడుకుని, తుప్పు పట్టిన సైలెన్సర్ బోల్టుతో కుస్తీ పడుతున్నాను. చొక్కా జేబులో ఫోన్ మోగింది.

"అన్నా, ఉస్తాద్ గారు వెళ్లిపోయారన్నా. పావుగంట అయ్యింది. నేను పక్కనే ఉన్నాను," అన్నాడు.

నాకు ముందు తగిలింది ఆ చివరి మాట. వీడు పక్కన ఎందుకున్నాడు, నేనెందుకు లేను? కారణం నాకు తెలియనిదేమీ కాదు. ఉస్తాద్‌ను చేర్చిన బౌషర్ ఆసుపత్రిలోనే రత్నం భార్య నర్సు. ఆమె డ్యూటీని బట్టి వీడు ఎప్పుడంటే అప్పుడు లోపలికి వెళ్లగలిగేవాడు. నేను విజిటింగ్ టైములో అందరితో పాటు వరసలో నిలబడి వెళ్లేవాణ్ణి. తెలిసినా కడుపు మండింది. ఉస్తాద్ ఇక లేరన్న సంగతి కాసేపటికి, బోల్టు ఊడి చేతిలోకి వచ్చాక తలకెక్కింది. ఆ పికప్ కిందే ఉండిపోయి ఏడ్చాను.

ఆయన గురించి నాలుగు మాటలు రాయమని ఇక్కడి తెలుగు మిత్రులు అడిగారు. రాస్తే నా కుళ్లు కూడా రాయాల్సి వస్తుంది, ఫర్వాలేదా అన్నాను. రాయమన్నారు. కాబట్టి చదివేవాళ్లు నన్ను క్షమించాలి. ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా రత్నం కూడా వచ్చి పక్కన కూర్చుంటాడు. వాణ్ణి లేపి పంపేయడం నాకు ఇన్నేళ్లలో చేతకాలేదు.

గల్ఫ్‌లో పెద్ద మెకానిక్‌ని ఉస్తాద్ అంటారు. ఆయనకు పేరుండేది గానీ మేమెవరమూ ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. ఆయనది కోరుట్ల వైపు, నాది ఆర్మూరు వైపు. నేను ఒమన్‌లో దిగిన మొదటి వారం, ఏ పని చేతకాక గ్యారేజీ గుమ్మంలో నిలబడి ఉంటే, "ఏ ఊరు పిలగా?" అని అడిగారు. చెప్పాను. "అగో, మనోడే!" అని చేతిలో పానా పెట్టారు. ఆ "మనోడే" అన్న ముక్కను నేను చాలాకాలం దాచుకున్నాను. ఆయన మీద నాకు ఏదో ముందస్తు హక్కు ఉందని అనుకునేవాణ్ణి.

ఇంజన్ విప్పే ముందు ఆయన చేతి గడియారం తీసి చొక్కా జేబులో వేసుకునేవారు. అట్టపెట్టె చించి నేల మీద పరిచి, విప్పిన బోల్టులన్నీ ఊడిన వరసలోనే దాని మీద పెట్టేవారు. ఎవరైనా ఒక్కటి జరిపితే మాట్లాడకుండా మొత్తం మళ్లీ సర్దేవారు, అది తిట్టు కంటే ఘోరంగా ఉండేది. పాలు లేని సులేమానీ చాయ్‌లో మూడు చెంచాల చక్కెర వేసుకునేవారు. మేం ఎంత బాగా పనిచేసినా ఆయన నోట "బాగుంది" అన్న మాట రాదు. "నడుస్తది" అంటారు. ఆ ఒక్క మాట కోసం మేం పోటీ పడి చచ్చేవాళ్లం.

ఇక బళ్ల సంగతి చెప్పాలి. మా గ్యారేజీ యజమానిని అర్బాబ్ అంటాం. ఆయనకు స్పీడ్‌వే పిచ్చి, అంటే మట్టి మీద మోటార్‌సైకిల్ పందేలు. అల్ సువైక్‌లో ఖర్జూర తోటల వెనక ఆయనకు ఖాళీ జాగా ఉంది. అక్కడ కోడిగుడ్డు ఆకారంలో మట్టి ట్రాక్ వేయించాడు. ఎక్కడి నుంచో రెండు పాత రేసు బళ్లు తెప్పించాడు. ఉస్తాద్ వాటిని విప్పి, చూసి, అలాంటివే మరో ఆరు కట్టారు. ఆ బళ్లకు బ్రేకులుండవు, గేరు ఒక్కటే. నలుగురు ఒకేసారి బయల్దేరి ఎడమ వైపుకే తిరుగుతూ నాలుగు చుట్లు కొట్టాలి. మలుపులో భయపడి ఎక్సలేటర్ వదిలితే పని చెడుతుంది. ఇంకా ఇస్తేనే వెనక చక్రం పక్కకు జారి బండి తిరుగుతుంది. మొదట వచ్చినవాడికి మూడు పాయింట్లు, తర్వాతివాళ్లకు రెండు, ఒకటి, చివరివాడికి సున్నా.

చలికాలం శుక్రవారాల్లో మేం పికప్‌లో బళ్లేసుకుని అక్కడికి వెళ్లేవాళ్లం. నీళ్ల ట్యాంకర్ వచ్చి మట్టి తడిపేది. గ్యారేజీ వాళ్లు, డెలివరీ బళ్లు నడిపేవాళ్లు, ఊళ్లోని ఒమానీ కుర్రాళ్లు అందరూ దిగేవారు. మలుపులో ఎడమ కాలు నేలకు రాస్తూ పోవాలి కనుక ఆ బూటు కింద ఉక్కు రేకు తొడుగు ఉండాలి. ఒక్కొక్కరి పాదం కొలత తీసుకుని, ఉస్తాద్ తన చేత్తో సుత్తితో కొట్టి చేసిచ్చేవారు. నా తొడుగు కంటే రత్నం తొడుగు మెరుగ్గా కుదిరిందని నాకు అనుమానం. ఒకసారి వాడు స్నానానికి వెళ్లినప్పుడు వేసుకుని చూశాను కూడా. వాడి పాదం నా పాదం కంటే చిన్నది. అయినా అనుమానం తీరలేదు.

రత్నం అమలాపురం వైపు మనిషి. మా గ్యారేజీలో డెంటింగ్, పెయింటింగ్ చేసేవాడు. మొదటి ఏడాది వాణ్ణి ట్రాక్ మీద పట్టుకునేవాడు లేడు. తర్వాత ఒకసారి పడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది, ధైర్యం అతుక్కోలేదు. మలుపు వచ్చేసరికి చెయ్యి దానంతట అదే ఎక్సలేటర్ వదిలేసేది. ఆ మరుసటి ఏడాది శుక్రవారం తర్వాత శుక్రవారం వాడు చివరే. "నా చెయ్యి నా మాట వినట్లేదన్నా," అని నాతోనే చెప్పుకున్నాడు. నేను జాలి పడ్డాను. వాడు ఓడినంతకాలం నాకు వాడి మీద చాలా జాలి ఉండేది.

ఆ జాలి పోయిందంటే ఉస్తాద్ పెట్టిన ఒక పద్ధతి వల్లే. శుక్రవారం ఎవరు చివర వస్తారో, శనివారం పొద్దున్న వాళ్ల బండి మొదట స్టాండెక్కాలి. దాన్ని ఉస్తాద్ స్వయంగా విప్పుతారు. ఓడినవాడు పక్కన ఖాళీ ఆయిల్ డబ్బా మీద కూర్చుని, చాయ్ తాగుతూ, రేసులో ఏమైందో ఆయనకు చెప్పాలి. గంట పడుతుంది. గెలిచినవాడు తన బండి తానే చూసుకోవాలి. ఆ ఏడాది నేను బాగా నడిపాను. దాంతో నెలల తరబడి మూలన నా బండి నేనే తుడుచుకుంటూ, రత్నం ఆ డబ్బా మీద కూర్చోవడం చూశాను. ఆయన వాడితో ఇంటి సంగతులు మాట్లాడేవారు. నవ్వేవారు. ఒకసారి తన చాయ్‌లో సగం వాడి గ్లాసులో పోశారు. "మనోడే" అన్నది నన్ను కదా!

ఒక శుక్రవారం ఉండబట్టలేకపోయాను. మూడో చుట్టులో రెండో స్థానంలో ఉన్నాను. మలుపులో ఎక్సలేటర్ కొద్దికొద్దిగా వదిలాను. ఇద్దరు దాటిపోయారు. చివర వచ్చాను, ఇంజన్ పట్టేసిందన్నట్టు తల అడ్డంగా ఊపుకుంటూ దిగాను.

శనివారం నా బండి మొదట స్టాండెక్కింది. ఉస్తాద్ గడియారం తీసి జేబులో వేసుకున్నారు. కార్బొరేటర్ విప్పారు, ప్లగ్ చూశారు, గొలుసు చూశారు. మా అమ్మ మోకాళ్ల నొప్పి గురించి అడిగారు, మా చెల్లెలి చదువు గురించి అడిగారు. నేను ఆయిల్ డబ్బా మీద కూర్చుని రాజులా చాయ్ తాగాను. ఆ గంట నాకు ఎంత బాగుందో చెప్పలేను. అంతా అయ్యాక ఆయన వెనక టైరు మీద బొటనవేలు పెట్టి చుట్టూ నిదానంగా తిప్పారు.

"ఇంజన్ల ఏం లేదు," అన్నారు. "టైరు అంచు అరగలే. ఎక్సలేటర్ ఇయ్యలే నువ్వు."

నేను ఖాళీ గ్లాసును మళ్లీ నోటికి ఎత్తుకున్నాను.

"నాతోని కూసునుడు కావాలంటె వచ్చి కూసోరాదుర? మంచిగున్న బండిని ఎందుకు బద్నాం చేసినవ్?"

అంతే. ఆ తర్వాత దాని గురించి ఒక్క మాట అనలేదు. గట్టిగా నాలుగు తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

ఆ చలికాలం చివర్లో అర్బాబ్ పెద్ద పోటీ పెట్టాడు. చుట్టుపక్కల దేశాల క్లబ్బుల నుంచి రైడర్లు వస్తారు. మా పాయింట్ల పట్టికలో మొదటి ముగ్గురికి నేరుగా చోటు. ఇవి కాక, ఆతిథ్యం ఇచ్చే క్లబ్బు తన ఇష్టం వచ్చినవాడికి ఇచ్చుకునే వైల్డ్ కార్డ్ ఒకటి. లెక్క తేలేసరికి నేను నాలుగోవాణ్ణి. మూడోవాడికీ నాకూ తేడా ఒక్క పాయింటు. ఆ ఒక్క పాయింటు ఎక్కడ పారేసుకున్నానో ఇద్దరికే తెలుసు, నాకూ ఉస్తాద్‌కూ.

అయినా నాకు దిగులు లేదు. వైల్డ్ కార్డ్ ఉంది కదా, అది నాలుగోవాడికి కాక ఇంకెవరికి పోతుంది? ఊళ్లో చెల్లెలికి ఫోన్ చేసి చెప్పేశాను కూడా. ఆ సాయంత్రం అర్బాబ్ గ్యారేజీకి వచ్చి, నన్ను చూపిస్తూ, "నంబర్ చార్ ఇస్కా హై, ఇసీ కో దే దేం?" అని, నాలుగోవాడు వీడే కదా, వీడికే ఇచ్చేద్దామా అన్నట్టు ఉస్తాద్‌ను అడిగాడు. ఉస్తాద్ చేతులు గుడ్డకు తుడుచుకుంటూ రత్నం పేరు చెప్పారు. అర్బాబ్ ఆయన వైపూ నా వైపూ చూసి, "ఖలాస్, ఉస్తాద్ జో బోలే," అని ఆయన మాటకే వదిలేసి కారెక్కాడు. రత్నం రంగు డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నోరు తెరిచింది నేనే.

"ఉస్తాద్, ఏడాదంత సున్నాలు తెచ్చినోనికి ఇస్తరా? మరి గెలిచినోని కష్టం ఏంగావాలె? నంబరు నాది!"

"నంబరు జూసి ఇచ్చేటట్టైతె కాగితాన్నే అడుగుండ్రి. నన్నెందుకు అడుగుడు?"

"అది నా హక్కు."

"హక్కైతె గది వైల్డ్ కార్డ్ ఎట్లైతదిర?" అని ఆయన గుడ్డ మడిచి భుజాన వేసుకున్నారు. తర్వాత గొంతు తగ్గించి అన్నారు, "నీకు అన్యాయమే అయితుంది. తెలిసే చేస్తున్న. వానికి ఇప్పుడు ఇయ్యకపోతె వాడు ఇగ బండెక్కడు. నువ్వు ఎక్కుతవ్. నీకు కోపమొస్తది, గా కోపంతోనే ఎక్కుతవ్."

ఇది నేను ఇన్నేళ్లుగా ఎన్నోసార్లు తిరగేసి చూశాను. కిందపడుతున్నవాడికి పెద్ద పోటీలో చోటివ్వడం న్యాయమా? కాదనే నేటికీ నా అభిప్రాయం. ఎండలో నెలల తరబడి పాయింటు పాయింటు పోగేసుకున్నవాడి ముందు, అయ్యో పాపం అని మరొకణ్ణి తెచ్చి నిలబెడితే, ఇక పాయింట్లు ఎందుకు, పట్టిక ఎందుకు? ఈ మాట ఎవరితోనైనా వాదిస్తాను. కానీ నా కేసు వాదించలేను. మంచి బండిని బద్నాం చేసినవాడు న్యాయం అడిగితే ఎవరు వింటారు?

పోటీ రోజు ఉస్తాద్ నాకు ఒక పని అప్పగించారు. రత్నం బండిని తోసి స్టార్ట్ చేయించడం. ఆ బళ్లకు కిక్ ఉండదు, వెనక నుంచి ఒకడు తోయాల్సిందే. కాలిన చోటే కారం చల్లుతున్నారని లోపల పళ్లు నూరుకున్నాను. మొదటి నాలుగు రేసుల్లో రత్నం నాలుగు సున్నాలు తెచ్చాడు. ప్రతి సున్నాకీ నా ప్రాణం చల్లబడింది, దాచడం ఎందుకు?

ఐదోది వాడి ఆఖరు రేసు. గంట కొట్టిన రెండు నిమిషాల్లోగా గీత దగ్గర ఉండకపోతే బయటికి పంపేస్తారు. తోశాను, ఇంజన్ అందుకోలేదు. మళ్లీ తోశాను, దగ్గి ఆగింది. రత్నం వెనక్కి తిరిగి హెల్మెట్‌లోంచి నన్ను చూశాడు. ఆ కళ్లు నాకు ఇంకా గుర్తు. ఇంకో అర నిమిషం నేను తోస్తున్నట్టు నటిస్తే చాలు, ఎవరికీ తెలియదు. నటించడం నాకు కొత్త కూడా కాదు. ట్రాక్ చుట్టూ కట్టిన తాడు అవతల ఉస్తాద్ నిలబడి ఉన్నారు. ఆయన రత్నాన్ని చూడటం లేదు, నన్ను చూస్తున్నారు. ఊపిరి బిగబట్టి బలమంతా పెట్టి తోశాను, బోర్లా మట్టిలో పడ్డాను. బండి అందుకుంది.

లేచి ముఖం తుడుచుకునేసరికి రత్నం మలుపులో ఉన్నాడు. చెయ్యి వదల్లేదు. మూడోవాడిగా వచ్చాడు. ఆ రోజంతటికీ వాడు తెచ్చింది ఒకే ఒక్క పాయింటు. నేనైతే ఆరు తెచ్చేవాణ్ణి, ఇప్పటికీ అదే అంటాను. ఉస్తాద్ వాడి వీపు తట్టి "నడుస్తది" అన్నారు. నాకు మంచినీళ్ల సీసా ఇచ్చి ముఖం కడుక్కోమన్నారు.

మరుసటి ఏడాది నేను పట్టికలో రెండోవాణ్ణై, ఎవరి దయా లేకుండా పెద్ద పోటీలోకి వెళ్లాను. ఆయన చెప్పినట్టు కోపంతోనే. తొమ్మిదోవాణ్ణయ్యాను. రత్నం మరో రెండేళ్లు నడిపి, పిల్లలు పుట్టాక మానేశాడు. పెద్దగా గెలిచింది లేదు. కానీ నవ్వుతూ నడిపాడు, దానికీ నేను ఏడ్చాను.

తర్వాత ఉస్తాద్‌కు కిడ్నీలు పాడయ్యాయి. ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లినా రత్నం అప్పటికే అక్కడ ఉండేవాడు. జావ తాగించేవాడు, గడ్డం గీసేవాడు. నేను ఆపిల్ పళ్లు పట్టుకుని చుట్టంలా నిలబడేవాణ్ణి. ఒకరోజు వాడు మందుల కోసం బయటికి వెళ్లినప్పుడు, ఎన్నాళ్ల నుంచో నోట్లో నానుతున్నది అడిగేశాను.

"ఉస్తాద్, అప్పుడు వైల్డ్ కార్డ్ నాకియ్యంది, నేను కావాలని ఓడిపోయినందుకేనా?"

ఆయన కళ్లు చిట్లించి గుర్తు చేసుకోవాలని చూశారు. "ఎప్పుడు ఓడినవ్‌ర?" అన్నారు.

ఇన్నేళ్లు నేను మోసిన బరువు ఆయనకు గుర్తే లేదు. నిజంగా మరిచిపోయారో, నా ముఖం చూసి మరిచిపోయినట్టు అన్నారో ఇక నాకు తెలిసే దారి లేదు. కాసేపటికి ఆయనే, "నువ్వు తోసింది యాదికున్నది. బొక్కబోర్ల పడ్డవ్ గదా," అని నవ్వారు. నవ్వితే దగ్గు వచ్చింది. నీళ్లు పట్టాను. అంతలో రత్నం వచ్చి గ్లాసు అందుకున్నాడు, నేను ఇచ్చేశాను.

ఆయన్ని ఊరికి పంపే కాగితాలన్నీ అర్బాబ్ దగ్గరుండి చేయించాడు. శవపేటికతో పాటు ఒక మనిషి వెళ్లడానికి టికెట్ తీస్తానన్నాడు. ఒక్కరికే. ఎవరు వెళ్లాలో నన్నే చెప్పమన్నాడు, ఎందుకంటే గ్యారేజీలో ఇప్పుడు ఉస్తాద్ చోట్లో ఉన్నది నేను.

రత్నం నా దగ్గరికి వచ్చి, తల వంచుకుని అడిగాడు. "నేను వెళ్లనా అన్నా?"

"ఆ ఊరు నీకు తెల్వదు. వాళ్లింట్ల నీకు ఎవ్వరు తెల్వదు. నేనే పోత," అన్నాను. అది నిజమే. నేను వెళ్లడానికి కారణం మాత్రం అది కాదు. ఒక్కసారైనా, ఆఖరిసారైనా ఆయన పక్కన నేనుండాలి, వీడు ఉండకూడదు. నా చోట్లో ఉస్తాద్ ఉంటే ఆ టికెట్ రత్నానికే ఇచ్చేవారు. నాకు అన్యాయమవుతుందని తెలిసే ఇచ్చేవారు. నేను ఇవ్వలేకపోయాను. రత్నం "సరే అన్నా, జాగ్రత్తగా తీసుకెళ్లు," అన్నాడు.

మధ్యాహ్నం విమానం. కార్గో గేటు దగ్గర పాసు ఉన్నవాణ్ణే లోపలికి వదిలారు. పేటికను తోపుడు బండి మీదికి ఎక్కించారు. నేను దాని పక్కనే నడిచాను. బయట ఇనుప జాలీ అవతల రత్నం కూడా మాతో సమంగా నడిచాడు, జాలీ మీద చెయ్యి రాస్తూ, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తూ. ముక్కు కారుతున్నా తుడుచుకోలేదు. కాపలావాడు చూస్తున్నాడని సిగ్గుపడలేదు. నా చేతిలో సంతకాలు పెట్టాల్సిన కాగితాలున్నాయి, కళ్లలో చుక్క నీరు లేదు. జాలీ అయిపోయి గోడ మొదలైన చోట వాడు ఆగిపోయాడు. ఆయన పక్కన ఉన్నది నేనే. అయినా వెనక్కి తిరిగి ఆ ఏడుపును చూసినప్పుడు, నాకు వాడి మీద అసూయ కలిగింది.